కొండ చుట్టి వచ్చిన శుక్రవారం

మొన్న ఒక ప్రార్థన కూటానికి వెళ్ళి తిరిగి వస్తుంటే ఆటో అతను వెనక్కి తిరిగి అడిగాడు.

"పెద్దమ్మా, ఊళ్లోంచి పోదామా, కొండ చుట్టూ వేసిన కొత్త రోడ్డు మీద పోదామా? ఎటు పోయినా ఒకటే. చుట్టు మొత్తం తిరిగినా ఇరవై నిమిషాలే."

"కొండ చుట్టూనే పోనీ నాయనా" అన్నాను.

ఆటోలో నేనొక్కదాన్నే. అతని ఫోన్లో ఏదో పాట మోగుతోంది. కొండ వెనక వైపు చూశాను. రాయి కోసేవాళ్ళు ఆ వైపు సగం కొండను జున్నుముక్క కోసినట్టు నిలువునా కోసుకుపోయారు. అడవి ఉన్నచోట తెల్లటి గుంట, గుంటలో నీళ్ళు, చుట్టూ ముళ్ళకంచె. నేను ఆనవాలు పట్టాలనుకున్న చోటేదీ కళ్ళకు దొరకలేదు. అంతలోనే అతను బ్రేకు వేసి "దిగండి పెద్దమ్మా, మన ఊరే" అన్నాడు. ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు.

ఆ చుట్టుకి ఒకప్పుడు నాకు పొద్దుపొడుపు నుంచి పొద్దుగూకే దాకా పట్టింది. ఆ రాత్రి మంచం మీద పడుకున్నా నిద్ర రాలేదు. కళ్ళు మూసుకుంటే పాదాల కింద ఆ దారే.

మా అత్త, అంటే మా నాన్నకు అక్క, కనిగిరి వైపు మెట్ట పల్లెల్లో బైబిలమ్మగా పనిచేసేది. తెల్లచీర, నల్లగొడుగు, భుజానికి గుడ్డసంచి. పల్లె పల్లెకూ నడిచి వెళ్ళి చదువురాని ఆడవాళ్ళకు వాక్యం చదివి వినిపించడం, జబ్బు పడ్డవాళ్ళ పక్కన కూర్చుని ప్రార్థన చేయడం ఆమె పని. చిన్నప్పుడే భర్త పోయాడు. పిల్లల్లేరు. మిగతా రోజులు దగ్గరి పల్లెలకు వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేది. శుక్రవారం మాత్రం కొండ చుట్టూ ఉన్న పల్లెలన్నీ చుట్టి, బయల్దేరిన గుమ్మానికే సాయంత్రం చేరేది.

వచ్చేటప్పుడు సంచిలో పిడికెడు బియ్యం ఉండేవి. పిడికెడు అంటే ఒక్క పిడికెడు కాదు. మా విశ్వాసుల ఇళ్ళల్లో పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ఒక పిడికెడు తీసి దేవుడికని విడిగా ముంతలో వేసేవాళ్ళు. బియ్యం వండిన పూట బియ్యం, జొన్నలు వండిన పూట జొన్నలు. అత్త వెళ్ళి వాటిని పోగుచేసి తెచ్చి ఆదివారం మందిరంలో బల్ల ముందు పెట్టేది. ఆ బియ్యంలో ఒక్క గింజ కూడా ఆమె ఇంటి పొయ్యి ఎక్కేది కాదు.

నాకు ఎనిమిదో ఏట అమ్మ పోయింది. నాన్న పిడుగురాళ్లలో సున్నపు బట్టీల దగ్గర పని. ఆ పొగలో, ఆ వేడిలో ఆడపిల్లని ఎక్కడ పెట్టుకుంటాడు? రేకుపెట్టెతో సహా నన్ను తెచ్చి అత్త దగ్గర దింపాడు. మా పల్లెలో బడి లేదు. అత్తే నాకు బడి. పాటల పుస్తకంలో అక్షరాలు గుర్తుపట్టడం, పొయ్యి బొగ్గుతో అరుగు మీద రాయడం, వాక్యం అప్పజెప్పడం, అంతే నా చదువు. ఇప్పటికీ నేను దీర్ఘాలు రాసేటప్పుడు అత్త వేలు నా వేలి మీద ఉన్నట్టే ఉంటుంది. దేవునికి స్తోత్రం, ఆ చదువుతోనే ఇంతకాలం బతికాను.

శుక్రవారాలు నన్ను పక్కింటి పిన్నమ్మ కనిపెట్టుకుని ఉండేది. ఆ ఏడు క్రిస్మస్ అయ్యాక వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి నల్లపాడు వెళ్ళిపోయారు. ఆ సంగతి తెలిసి నాన్న దగ్గర్నుంచి కార్డు వచ్చింది. అత్త అన్ని ఉత్తరాలూ పైకే చదివేది. అదీ చదివింది.

"వచ్చే ఆదివారం వస్తున్నాను. పిల్లని టవున్లో బోర్డింగులో వేస్తాను. నీ పనికి అడ్డం ఎందుకు."

బోర్డింగు చెడ్డదని కాదు. ఆ పిల్లలు వరుసగా నడిచిపోతుంటే నేనూ చూశాను. శుభ్రంగా, నూనె రాసుకున్న తలలతో చక్కగా ఉండేవాళ్ళు. కానీ అప్పటికే ఒకసారి అమ్మని వదిలాను, ఒకసారి ఇల్లు వదిలాను. మూడోసారి ఆ రేకుపెట్టె సర్దుకోవడం నా వల్ల కాదనిపించింది. రెండు రోజులు సంగటి గొంతు దిగలేదు.

అత్త నా వంక చూసి చూసి మూడోరోజు కార్డు రాసింది. రాసింది నాకే చదవమని ఇచ్చింది. కూడబలుక్కుని చదివాను.

"తమ్ముడికి, ఈ శుక్రవారం పిల్ల నాతో కొండ చుట్టి వస్తుంది. ఎక్కడా ఎత్తుకోకుండా తన కాళ్ళ మీద నడిచి వస్తే నా దగ్గరే ఉంటుంది. నడవలేకపోతే నీ మాటే కానీ."

తపాలా డబ్బాలో నా చేతే వేయించింది.

శుక్రవారం ఇంకా చీకటుండగానే లేపింది. చద్ది సంగటి, పలచని చల్ల, నంజుకోను ఉల్లిపాయ. తిన్నాక మోకాళ్ళ మీద ప్రార్థన. నేను క్రిస్మస్‌కి నాన్న పంపిన టైరు చెప్పులు తొడుక్కున్నాను. మడమ వెనక పట్టీ ఉన్నవి, నడుస్తుంటే కిర్రుమనేవి.

"పాతవి వేసుకోవే" అంది అత్త.

"ఇవైతే గట్టివి."

"గట్టివే. అందుకే వద్దంటున్నా."

వినలేదు. పెద్దదాన్నని చూపించుకోవాలి గదా.

కొండను కుడిచేతి వైపు పెట్టుకుని బయల్దేరాం. మొదట నల్లరేగడిలో పత్తి చేలు. మంచుకు తడిసిన దూది కాయల్లోంచి వేళ్ళాడుతోంది. ఆడవాళ్ళు నడుముకి ఒడిగుడ్డలు కట్టుకుని అప్పటికే సాళ్ళలో ఉన్నారు. పచ్చి ఆకు వాసన, తడిమట్టి వాసన, ఎవరో గట్టు మీద కాల్చిన చుట్ట వాసన.

"ఏంది అమ్మగారూ, ఇయ్యాల తోక తగిలించుకొచ్చావు?" అని ఒకావిడ అరిచింది.

"తోక కాదమ్మా, శిష్యురాలు."

"శిష్యురాలి ముక్కు ముందు తుడవ్వయ్యా ప్రభువా!" అని ఇంకొకావిడ అనేసరికి చేనంతా నవ్వు. నేను పావడాతో ముక్కు తుడుచుకున్నాను.

అత్త గట్టు మీద నిలబడి, "చేతులు ఆపొద్దు, చెవులిస్తే చాలు" అని వాక్యం చదివింది. వాళ్ళు దూది తీస్తూనే విన్నారు. అయ్యాక ఒక్కొక్కరూ వచ్చి కొంగుముడి విప్పి పిడికెడు బియ్యం సంచిలో పోశారు. సంచి నేను మోస్తానన్నాను. మోశాను. మోస్తూ మోస్తూ చెయ్యి లోపలికి పోనిచ్చి నాలుగు గింజలు నోట్లో వేసుకున్నాను. పచ్చిబియ్యం నమిలితే పాలకు పాలు వస్తాయి. ఇంకో నాలుగు. అత్త ముందు నడుస్తూనే, "నిన్నటి వాక్యం అప్పజెప్పు" అంది. నోటినిండా బియ్యం. మాట రాదు.

అత్త ఆగింది. తిట్టలేదు. "దేవుడి బియ్యం రుచిగా ఉన్నాయా?" అని మాత్రం అడిగి సంచి తన భుజానికి మార్చుకుంది. ఆ సంచి బరువు పోయినందుకు కాళ్ళకి సుఖంగానే ఉంది గానీ, మొహం ఎత్తి నడవలేకపోయాను.

రెండో పల్లెలో దూదేకుల సాయిబు ఇల్లు. వాకిట్లో వింటినారి టుంయ్ టుంయ్‌మంటుంటే దూది పొగలా లేచేది. సాయిబు కనురెప్పల నిండా దూదే. ఆయన భార్య మా మతం కాదు. అయినా వాళ్ళ చిన్నదానికి జ్వరమొస్తే అత్త రెండు రాత్రులు పక్కన కూర్చుందట. అప్పట్నుంచి ఆ తల్లి కూడా పిడికెడు తీసి పెట్టేది. మేం వెళ్ళేసరికి రోట్లోంచి గోంగూర పచ్చడి తీస్తోంది. ఆ పుల్లటి వాసనకి నా దవడలు లాగేశాయి.

"బువ్వ తిని పోండి అమ్మగారూ. వేడిగా ఉంది."

"ఇయ్యాల వెనక పల్లెలో వంతమ్మా" అంది అత్త.

అదొక కట్టుబాటు. శుక్రవారం అత్తకు మధ్యాహ్నం అన్నం పెట్టేది కొండ వెనక పల్లె వాళ్ళే, వారానికొక ఇల్లు. వంతు వచ్చిన ఇల్లాలు ముందురోజే బియ్యం సంపాదించి, కూరకి ఏదో ఒకటి చూసుకుని, తను తినకుండా ఎదురుచూసేది. ఈలోపు ఇంకెక్కడైనా తిని వెళ్తే ఆమె గుండెకోతే.

"మీ వంతులు మీరు చూసుకోండి గానీ, ఆ పిల్ల నోరు చూడు, ఎట్టా ఊరుతుందో!" అంది ఆవిడ.

సాయిబు విల్లు ఆపి, "పోనీవే. వంతు తప్పిస్తే అవతలావిడ నెల్లాళ్ళు మొహం చూపించదు. నువ్వు అలిగితే నేను పడట్లా!" అన్నాడు. అందరూ నవ్వారు. ఆవిడ నా చేతిలో బెల్లంముక్క పెట్టింది. అత్త వద్దనలేదు. ఆ బెల్లంముక్క కొండ మలుపు తిరిగేలోపే అయిపోయింది.

అక్కడ్నుంచి చేలు ఆగిపోయి చిట్టడవి మొదలు. చండ్రచెట్లు, బలుసు పొదలు, రాళ్ళ మధ్య రేగు కంపలు. పుల్లటి రేగుపళ్ళు ఏరుకుంటూ నడిచాను. ఊళ్ళ చప్పుడు ఒక్కటీ వినబడదు. పొదలో కౌజుపిట్ట కూస్తే ఉలిక్కిపడ్డాను. అంతసేపూ మాట్లాడుతూ వచ్చిన అత్త అక్కడ నోరు మూసేసింది.

"ఎందుకత్తా మాట్లాడవు?"

"పొద్దస్తమానం నేనే మాట్లాడతా. ఇక్కడ వింటా."

ఏం వింటుందో నాకర్థం కాలేదు. నాకు మాత్రం నా చెప్పుల కిర్రు ఒక్కటే వినబడింది. మడమ దగ్గర నిప్పు పెట్టినట్టుగా ఉంది. చెప్పలేదు. ఎండిన వాగులో అత్త ఇసుక తోడి చెలమ తీసింది. నీళ్ళు ఊరి తేటపడేదాకా కూర్చుని, పుల్లతో ఇసుకలో నా చేత గుణింతం రాయించింది. వంగి దోసిళ్ళతో తాగాం. ఆ నీళ్ళకు వానపడ్డ ఇసుక వాసన. చెప్పు విప్పి చూసుకోవాలనిపించింది గానీ, విప్పితే మళ్ళీ తొడుక్కోలేనని భయం వేసి ఊరుకున్నాను.

వెనక పల్లె చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. కుక్కలు కూడా మొరగలేదు. తలుపులన్నీ తాళ్ళతో బిగించి కట్టేసి ఉన్నాయి. వంతు ఇంటి చూరుకి ముంత వేలాడుతోంది, మీద మూతగా రాయి. అత్త దించి చూసింది. ఆ వారం తీసిన పిడికెడు బియ్యం.

చివరింట్లోంచి ఒక బాలింత చేతుల్లో పసిగుడ్డుతో బయటికొచ్చింది.

"అమ్మగారూ! మొన్న లారీ వచ్చింది గదా. మిరపకాయ కోతలకని గుంటూరు వైపు పల్లె పల్లే ఎక్కిపోయింది. నేను పచ్చి బాలింతనని వదిలేశారు. వంతావిడ లారీ ఎక్కేదాకా ఏడుపే. 'అమ్మగారు వచ్చి తలుపు చూసి పోతుంది, దేవుడి ముంత అయినా చూపించు' అని పదిసార్లు చెప్పింది."

"పోనీలేమ్మా. నువ్వేం తిన్నావు?"

"పొద్దున్న జొన్నంబలి. మీకు పెడదామన్నా కుండలో అడుగే ఉంది."

నేను వాళ్ళ అరుగు మీద కూలబడ్డాను. కళ్ళ ముందు నల్లచుక్కలు. అత్త వచ్చి నుదుటి మీద చెయ్యి వేసింది. తర్వాత భుజాన ఉన్న సంచి వంక చూసింది.

"చూస్తావేంది అమ్మగారూ" అంది బాలింత. "ఆకలైనోళ్ళకు పెట్టమని నువ్వు చెప్పే మాటే గదా! దేవుడేమన్నా పిడికెడు బియ్యానికి మూతి ముడుచుకుంటాడా?"

అత్త సంచి విప్పింది. మూడు పిడికిళ్ళు కొలిచింది. బాలింత పొయ్యి మీదే వండింది. ఉప్పు, నిప్పుల్లో కాల్చిన ఎండుమిరపకాయ. ముగ్గురికీ మూడు ఆకులు.

నేను ఆకు ముట్టుకోలేదు. పొద్దున నాలుగు గింజలకే అంత సిగ్గు అనిపించింది. దానికంటే పెద్ద భయం ఇంకొకటి. నా కోసమని దేవుడి బియ్యం పొయ్యి ఎక్కాయంటే, నేను ఈ నడకకు పనికిరానని తేలిపోయినట్టే గదా.

"నాకొద్దు. నేను నడవగలను" అన్నాను.

"నడవగలవని తెలుసు. తిని నడువు."

"వద్దు. నాన్నకి చెప్తావు."

అత్త నా మొహంలోకి చూసింది. అప్పుడు తన ఆకులోంచి ఒక ముద్ద కలిపి తనే ముందు నోట్లో పెట్టుకుంది. ఇన్నేళ్ళలో ఆ సంచిలోది ఒక్క గింజ ముట్టని మనిషి. నమిలి మింగి, "తప్పయితే ఇద్దరిదీ. ఇంక తిను" అంది.

తిన్నాను. ఏడుస్తూ తిన్నాను. ఆ కాల్చిన మిరపకాయ రుచి తర్వాత ఏ విందులోనూ తగల్లేదు.

అక్కడ్నుంచి చివరి అంచె కనుమ. రెండు గుట్టల నడుమ రాళ్ళబాట, ఎక్కితే అవతల మా ఊరే. పైకెక్కేసరికి కింద మిరప కల్లాలు కనబడ్డాయి. నేల మీద ఎర్రటి దుప్పట్లు పరిచినట్టు. ఆ ఘాటు గాలిలో పైదాకా వచ్చి తుమ్ములు. తుమ్ముతూ ఒక అడుగు తప్పుగా వేశాను. మడమ మీద బొబ్బ పగిలింది. చెప్పులోకి తడి. ఇక కాలు కదల్లేదు.

అత్త వెనక్కి వచ్చి చెప్పు విప్పింది. పట్టీ నిండా రక్తం.

"పొద్దున చెప్పా గదే."

"ఎత్తుకోవా అత్తా? కొంచెం దూరం. దిగేదాకా."

"ఎత్తుకోను."

ఆ మాట అంత కటువుగా అంటుందనుకోలేదు. గట్టిగా ఏడ్చేశాను. అత్త నన్ను ఓదార్చలేదు. కొంగు చింపి మడమకు కట్టింది. తన చెప్పులు కూడా విప్పేసి, రెండు జతలూ సంచి తాడుకి కట్టి, పక్కనే రాయి మీద కూర్చుంది.

"తొందరేం లేదు. నువ్వు లేచేదాకా కూర్చుంటా."

"పొద్దుగూకుతుంది."

"గూకనీ."

"నేను లేవకపోతే?"

"లేచేదాకా అన్నా గదా."

ఆమె మెల్లగా పాట అందుకుంది. అదివరకు ఆ పాటను పరుగుపరుగున పాడేది. ఆ రోజు ఒక్కొక్క చరణం తర్వాత ఎంతో సేపు ఆగింది. నేను మూడుసార్లు లేచి మూడుసార్లు కూర్చున్నాను. నాలుగోసారి నిలబడ్డాను. చెయ్యి పట్టుకోనిచ్చింది గానీ నా బరువు తన మీద వేసుకోలేదు. ఉత్తకాళ్ళతో ఇద్దరం రాయి రాయీ చూసుకుంటూ దిగాం. ఇళ్ళల్లో దీపాలు పెట్టే వేళకి మా గుమ్మం చేరాం.

ఆదివారం నాన్న వచ్చి మందిరంలో మగవాళ్ళ వైపు కూర్చున్నాడు. ఆరాధన అయ్యాక అత్త సంచి బల్ల ముందు పెట్టి, సంఘం వైపు తిరిగి చెప్పింది.

"శుక్రవారం వెనక పల్లెలో ఈ బియ్యంలోవి మూడు పిడికిళ్ళు వండాను. ముగ్గురం తిన్నాం. నేనూ తిన్నాను."

ఒక పెద్దాయన దగ్గి, "కూర్చో అమ్మా" అన్నాడు. నాన్న మాత్రం మొహం గంటు పెట్టుకుని కూర్చున్నాడు.

ఇంటికి రాగానే అన్నాడు. "పిల్లని ఆకలితో తిప్పుతున్నావా అక్కా?"

"ఆ రోజు అట్టా జరిగింది. నేనే సాయిబు ఇంట్లో వద్దన్నా. తప్పు నాదే."

"నడిచిందా?"

"నడిచింది."

"ఎక్కడా ఎత్తుకోలేదా? నిజం చెప్పు."

"ఎక్కడా ఎత్తుకోలేదు" అంది అత్త, నాన్న కళ్ళలోకి చూస్తూ. అబద్ధం ఆడడం రాని మనిషి. కనుమ మీద అంత కటువుగా ఎందుకుందో నాకు అప్పుడు తెలిసింది. ఆ ఒక్క మాట చెప్పగలగాలనే అక్కడ అంతసేపు కూర్చుంది.

నాన్న నా వైపు తిరిగాడు. నేను పాదం పావడా కిందికి లాక్కున్నాను. ఆయన వంగి పావడా జరిపి కట్టు చూశాడు. గుమ్మం దగ్గరి చెప్పులు తీసుకుని, జేబులోంచి చాకు తీసి మడమ పట్టీలు రెండూ కోసేశాడు. కోసినచోట ఆముదం రాసి, అంచులు వేలితో నొక్కి నొక్కి మెత్తన చేశాడు. వాటిని నా పాదాల పక్కన పెట్టాడు.

"ఇయ్యి శుక్రవారానికి సరిపోతాయి" అన్నాడు. సాయంత్రం బస్సుకి ఒక్కడే వెళ్ళిపోయాడు. ఆయన చెయ్యి ఊపుతూ పోతుంటే, సున్నం తిన్న ఆ చేతివేళ్ళు మొదటిసారి నాకు జాలిగా కనబడ్డాయి.

తర్వాత ఎన్ని శుక్రవారాలు ఆ చుట్టు తిరిగామో చెప్పలేను. అత్త కాళ్ళలో సత్తువ తగ్గాక నేనొక్కదాన్నే తిరిగాను. ఆ పల్లెలు కొన్ని ఖాళీ అయ్యాయి. సాయిబు ఇంటి నారి చప్పుడు ఆగిపోయింది. ఇప్పుడు కానుకలు కవర్లలో వేస్తారు, పిడికెడు బియ్యం కోసం ఎవరూ రారు. నా గదిలో నేను, నా దేవుడు. ఒంటరినని ఫిర్యాదు చేయను. అడగకుండానే చాలా ఇచ్చాడు. కానీ సాయంత్రాలు పొడుగ్గా ఉంటాయి. ఏదైనా చెప్పాలనిపించి తల తిప్పితే గోడ.

నాన్న వెళ్ళిన సాయంత్రం సంగతి ఒక్కటి మిగిలింది. అత్త అన్నం వండడానికని వెనక దొడ్లో పొయ్యి దగ్గరికి వెళ్ళి ఎంతకీ రాలేదు. కుంటుకుంటూ వెళ్ళి చూశాను. గోడకి ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది.

భయపడిపోయి, "ఏమైందత్తా? నేను ఉంటున్నా గదా. ఇంకెందుకు ఏడుస్తున్నావు?" అన్నాను.

కళ్ళు గబగబా తుడుచుకుని, "ఏం లేదే, పొగ" అంది.

నేను నమ్మి, కళ్ళు కడుక్కోమని చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాను. ఆమె ఇంకా పొయ్యే వెలిగించలేదు.